ఇరవై రెండు పొరల కాలు

అచ్చంపేట
6 ఫిబ్రవరి 2022

అల్లుడు డానియల్‌కు మేనమామ లింగస్వామి రాసేది.

నేను మంచిగనే ఉన్న. నువ్వు, స్వర్ణ, నా చెల్లె సుక్కమ్మ మంచిగున్నరనుకుంట.

మొన్న ఫోన్ చేసినవంట. పక్కన పండ్ల బండి శ్రీదేవి ఎత్తి నా చెవుకు పెట్టింది. ఈగ మోత తప్ప ఏం వినవడలే. నా చెవులు పోయినయని నీకు తెల్వదా. నీ మాట ఇంకొకలు విని నాకు అరిచి చెప్పుడు నాకు నచ్చది. యాభై ఏండ్లకు నేర్చిన అక్షరాలు ఉన్నయి నాకు. ఉత్తరం రాయి. రెండు దినాలు పట్టినా నేనే చదువుకుంట.

షాద్‌నగర్ల మీ కంపెనీ సార్లు తొడిగిన కాలు మీద నెల రోజుల సంది నడుస్తున్న. షుగర్ పుండుకు పాలమూరు దవాఖానల మోకాలి కింద తీసేసినంక క్యాంపుల ఒక లబ్బరు కాలు ఇచ్చిన్రు గదా, దాని మీద నడుసుడంటే సచ్చిన దూడను ఈడ్చుకపోయినట్టుండె. ఇది తాటికమ్మ లెక్క తేలిక. మడిమె పెడితే ఒంగుతది, మళ్ళ తనే ముందటికి ఎగేస్తది. నాకంటె దానికే తొందర.

నాతోని తొడిగిచ్చుకున్న ఇద్దరు గూడ నడుస్తున్నరు. పాము కరిచి కాలు పోయిన బిక్షమ్మ మన్ననూరు దిక్కు అడవి అంచుకు ఉంటది, చింతపండు ఏరుకొచ్చి నా దుకాణం పక్కకే కూసుంటది. ఇంకొకడు ఆటో ప్రేమ్‌సాగర్. వాని నోరు నీకు ఎరికే.

చూసినోళ్ళంత ఇది ఇనుమా, ప్లాస్టికా అని అడుగుతున్నరు. తెల్వదని చెప్పుడు నాకు నామోషి. ఏందో రాయి.

చెల్లెకు చెప్పు, ప్రార్థన చేస్కో గని బీపీ గోలి మర్వకని.

లింగస్వామి

•

షాద్‌నగర్
15 ఫిబ్రవరి 2022

మామకు వందనాలు. ప్రభువు కృప వల్ల అందరం బాగున్నం. స్వర్ణకు నాలుగో నెల నడుస్తుంది. డిసెంబర్‌లో నెత్తురు పోయి భయపెట్టింది గని, ఇప్పుడు పర్వాలేదన్నరు. నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించిన. "చెవులు పోయినా నోరు తగ్గలే మా అన్నకు" అన్నది.

ఆ కాలు ఇనుము కాదు, ఉత్త ప్లాస్టిక్ గూడ కాదు. కార్బన్ ఫైబర్ అంటరు. వెంట్రుకలో పదో వంతు సన్నగ ఉండే నల్ల పోగులు మామా. వాటిని చీరె నేసినట్టు నేస్తరు. జిగురు పట్టించిన ఆ గుడ్డను కత్తిరించి అచ్చు మీద పొర మీద పొర పరుస్త. ఒక పొర నిలువు, ఇంకొకటి ఏటవాలు. మొత్తం ఇరవై రెండు. సంచిల పెట్టి గాలి పీకి భట్టీల కాలుస్తరు. బయటికొచ్చేసరికి ఇనుము కన్న గట్టిగ, ఇనుములో ఐదో వంతు బరువు ఉంటది. ఒకప్పుడు విమానాలకే వాడేటోళ్ళు. ఇప్పుడు ధర దిగి మన కాళ్ళ దాక వచ్చింది.

మీ మూడు కాళ్ళు నా చేతులతోనే పరిచిన. అడుగున నంబర్ చూడు. నీది ఏడు, బిక్షమ్మది ఎనిమిది, ప్రేమ్‌సాగర్‌ది తొమ్మిది.

ఒక్క మాట మనసుల పెట్టుకో. మీ ముగ్గురు ఏడాది మంచిగ నడిస్తే ఇంకో రెండువందల మందికి చేసి ఇస్తమని కంపెనీ మాట. నన్ను గూడ పర్మినెంట్ చేస్తరు. అందుకని దాన్ని జర పైలంగ చూసుకో. మంట దగ్గర పెట్టకు.

డానియల్

•

అచ్చంపేట
2 ఏప్రిల్ 2022

అల్లుడా,

మీ సార్లు కాలి కింద అతికిచ్చిన లబ్బరు అట్ట ఊడింది. నాదే కాదు, ముగ్గురిది. ఎండకు జిగురు పాకం లెక్క కారింది.

నలభై ఏండ్ల సంది ఈ బస్టాండ్ కాడ కూసోని ఊరి కాళ్ళకు తోలు తొడిగినోణ్ణి. నా కాలికే ఇప్పుడు అట్ట లేదు. నున్నటి నల్ల రేకు బండ మీద టకటక కొట్టుకుంట పోతాంటే ప్రేమ్‌సాగర్ ఆటోల కూసోని శ్రీదేవితోని అన్నడంట, "వంటోడు పస్తున్నడు చూడు" అని. శ్రీదేవి నవ్వింది. వినవడకున్నా నవ్వు కనవడతది గదా.

నా సంగతి పక్కకు పెట్టు. బిక్షమ్మ ఆ నున్నటి దాంతోని గుట్ట ఎక్కలేకపోతాంది. రెండుసార్లు జారింది. తునికాకు కోత ఈ నెల ఆఖరుకు మొదలైతది. ఆ నెల రోజుల ఆకు మీదనే ఆమెకు ఏడాది గడుస్తది. ఆకు పోతే మళ్ళ ఆకు వచ్చే ఏడే. నాతోని అంటది, "పెద్దయ్యా, కాలు ఇచ్చిన్రు గని పాదం ఇయ్యలే" అని.

పోగులు, పొరలు అని రాసినవ్. తోలు గూడ పోగులే, నాకు నేర్పకు. బొక్క పొడిచే ఆరె దించితే తోలుల పోగులు పక్కకు జరిగి జాగ ఇస్తయి. దారం పోంగనే మళ్ళ కమ్ముకుంటయి. మేకు కొడితే పంటితోని పట్టుకున్నట్టు పట్టుకుంటయి. జిగురును నమ్ముకున్న చెప్పు నా చేతి నుంచి ఒక్కటి గూడ పోలే. మీ సార్లకు చెప్పు.

జల్ది జవాబు రాయి. నేను ఆగేటోణ్ణి కాదు.

లింగస్వామి

•

షాద్‌నగర్
16 ఏప్రిల్ 2022

మామా,

నీ ఉత్తరం చదివి అమ్మ, నేను నవ్వుకున్నం. కంపెనీకి సార్లు వద్దు, నిన్ను పెడితే చాలు.

అట్ట సంగతి సార్లకు చెప్పిన. ఎండకు ఆగే కొత్త జిగురు వస్తుంది, రెండు నెలలు పడతది అన్నరు. ఇక్కడ మిషన్ మీద అదే కాలును ఇరవై లక్షల అడుగులు నడిపించినం. ఏం కాలేదు. మిషన్‌కు ఎండ లేదు, గుట్ట లేదు, అదే తేడా.

అప్పటిదాక నువ్వు చెప్పులకు పూసే సొల్యూషన్ మాత్రం దానికి పూయకు. అది కాలులోని జిగురును తింటది. ఆగు మామా. రెండు నెలలే.

డానియల్

•

అచ్చంపేట
30 ఏప్రిల్ 2022

డానియల్‌కు,

రెండు నెలలు ఆగితే ఆకు అయిపోతది. మూడు కాళ్ళకు అట్టలు నేనే ఏసిన. లారీ టైరు కోసి, అంచులు తోలు కోసే రంపెతోని చెక్కి ఏసిన. నువ్వు వద్దన్నట్టే సొల్యూషన్ చుక్క ముట్టలే, మంట దగ్గరికి పోనియ్యలే. నా తరీకల నేను చేసిన. ఇగ పదేండ్లు ఊడది.

బిక్షమ్మ నిన్న గుట్ట ఎక్కి మూడు కట్టలు ఆకు తెచ్చింది. పోంగ నా ముందట ఆగి కాలు నేలకేసి కొట్టి చూపిచ్చింది.

లింగస్వామి

•

షాద్‌నగర్
14 మే 2022

మామా,

సంతోషం. తోలు పట్టీలతోని పైనుంచి కట్టినవనుకుంట. మంచి ఉపాయం. సార్లకు నేను చెప్పలే. చెప్తే ఎందుకు ముట్టుకున్నరని అంటరు. ఫోటో అడిగితే పైనుంచి తీయించి పంపు. అడుగు కనవడనీయకు.

స్వర్ణకు కాళ్ళు వాస్తున్నయి. అమ్మ ఉలవల చారు పెడుతుంది.

డానియల్

•

అచ్చంపేట
10 జూలై 2022

అల్లుడా,

వానలు పడ్డయి. బస్టాండ్ల మోకాళ్ళ లోతు బురద. ఇద్దరు మున్సిపాలిటోళ్ళు వచ్చి నా డబ్బా తియ్యమన్నరు. తియ్య అన్న. పోయిన్రు.

పట్టీలు అని రాసినవ్. ఏదైతేంది, నిలిచింది.

కాళ్ళు మూడు మంచిగున్నయి. బిక్షమ్మ ఒక్కతి చెప్తాంది, కాలు లోపట టక్, టక్ అంటాందని. మడిమె పెట్టినప్పుడల్ల అంటదంట. నా చెవుకు ఏం వినవడలే. చెయ్యి పెట్టి చూసిన, అట్ట కదలలే. కొత్త చెప్పు కిర్రుమంటది, నాలుగు వానలు తడిస్తే అదే నోరు మూసుకుంటది, నడువు అని తోలిచ్చిన. అన్నీ ఆడోళ్ళకే వినవడతయి.

స్వర్ణకు ఎప్పుడు? పోరి పుడితే మా అవ్వ పేరు పెట్టున్రి. మీ చర్చిల ఒప్పుకోరనుకుంట.

లింగస్వామి

•

షాద్‌నగర్
4 ఆగస్టు 2022

మామా,

జూలై 21న పాప పుట్టింది. నిహారిక అని పెట్టినం. ఆపరేషన్ అయింది, స్వర్ణ ఇప్పుడే లేచి తిరుగుతుంది. రెండు వారాలు దవాఖాన, ఇల్లు, ఫ్యాక్టరీ అని తిరిగి నీ ఉత్తరం విప్పనే లేదు. ఇయ్యాల పొద్దున్నే చదివిన.

బిక్షమ్మ కాలు వెంటనే విప్పించు. ఒక్క అడుగు గూడ నడవనీయకు. టక్ అనేది చెప్పు చప్పుడు కాదు మామా, లోపల పొరలు విడిపోతుంటే వచ్చే చప్పుడు. ఎందుకు విడుస్తున్నయో నాకు అర్థమైతలేదు. శ్రీదేవి ఫోన్ స్విచ్ఛాఫ్ వస్తుంది. నేను ఆదివారం వస్త.

డానియల్

•

అచ్చంపేట
11 ఆగస్టు 2022

డానియల్,

నువ్వు ఆదివారం రాలే. రాకపోవుడే మంచిగైంది. వస్తే బిక్షమ్మ కొడుకు దివాకర్ చేతుల పడేటోనివి.

నీ ఉత్తరం నిన్న అందింది. బిక్షమ్మను మట్టి చేసి అప్పటికే మూడు దినాలు.

జూలై 29 నాడు కట్టెల మోపుతోని గుట్ట దిగుతాంటే కాలు మధ్యలకు విరిగిందంట. రాళ్ళ మీద దొర్లి కిందికొచ్చింది. తుంటి విరిగింది, తలకు తాకింది. ఇక్కడికెల్లి పాలమూరు తీస్కపోయిన్రు. ఎనిమిది దినాలు ఉంది. మాట్లాడింది గూడ. శనివారం సచ్చిపోయింది.

దివాకర్ హైదరాబాద్ల లిఫ్టుల పని చేస్తడు, ఇరవై ఆరేండ్లుంటయి. వాళ్ళల్ల కాలు తక్కువ పెట్టి మట్టిల పెడితే అవుతలి లోకంల కుంటుకుంట తిరుగుతరంట. అందుకని విరిగిన కాలు రెండు తునకలు బట్టల చుట్టి ఆమె పక్కకు పెట్టి పూడ్చిన్రు. బట్టల చుట్టి పెట్టెటప్పుడు నేను నిలవడి చూసిన. నేను ఏసిన అట్ట నేను ఏసినట్టే ఉంది. విరిగింది నీ కాలు.

మీ సార్లు ఫోన్ చేసి విరిగిన కాలు పంపు, చూస్తం అన్నరంట. దివాకర్ ఒక్కటే మాట చెప్పిండు: "వచ్చి గుంత తవ్వుకోన్రి, మళ్ళ మీరే పూడ్చి పోన్రి." పోలీస్ స్టేషన్ల కేసు పెట్టిండు.

నువ్వు ఏం చేసినవో యాదికి తెచ్చుకో. నాకు రాయి.

లింగస్వామి

•

షాద్‌నగర్
28 ఆగస్టు 2022

మామా,

ఆ ఆదివారం స్వర్ణను, పసిదాన్ని విడిచి రాలేకపోయిన.

ఎనిమిదో నంబర్ కాలు పరిచిన దినం నాకు మంచిగ యాదుంది. డిసెంబర్ 9. రాత్రి షిఫ్టు మీద పొద్దటి షిఫ్టు ఎక్కిన. పొరలు పరుస్తుంటే సూపర్‌వైజర్ వచ్చి, మీ ఇంటామెకు నెత్తురు పోతుందంట, ఫోన్ వచ్చింది అన్నడు. అప్పుడు పద్నాలుగో పొర కాడ ఉన్ననో, పదిహేనో పొర కాడ ఉన్ననో మర్చిపోయిన. పదిహేను అనుకొని మిగతావి పరిచి దవాఖానకు ఉరికిన. మరునాడు తూకం పెడితే సరిపోయింది, పంపించిన. కాని మామా, ఒక పొర తక్కువై జిగురు జర ఎక్కువ నిలిచినా తూకం సరిపోతది. అప్పుడే చెప్పాల్సింది. స్వర్ణ మంచంల ఉంది, పర్మినెంట్ సంగతి నడుస్తుంది, నోరు రాలే.

మొన్న సార్లు నిలబెట్టి అడిగిన్రు. చూసేటందుకు విరిగిన కాలు లేదు. నీ పనిలో ఏమన్న అనుమానం ఉందా అన్నరు. ఉందన్న. ఒక పొర వదిలేసి ఉండొచ్చని రాయించి సంతకం తీసుకున్నరు. అదే దినం బయటికి పంపిన్రు. కాగితం పోలీసులకు గూడ పోయింది. రెండువందల కాళ్ళ సంగతి ఆపేసిన్రు. ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీల పొరలు పరిచే పని ఇగ నాకు ఎవరూ ఇయ్యరు.

ఆమెను నేనే చంపిన్నా మామా? నువ్వు చెప్పు.

డానియల్

•

అచ్చంపేట
9 సెప్టెంబర్ 2022

డానియల్,

అడిగినవ్ గనుక చెప్తున్న. అవు, నువ్వే.

మన ఇంట్ల తోలు పని చేసినోళ్ళు ఎవ్వరు సదువుకోలే. గని లెక్క తప్పిన కుట్టు ఒక్కటి బయటికి పోనియ్యలే. మా నాయిన ఒకపారి రైతుకు ఇచ్చిన, బాయి నీళ్ళు తోడే మోట తోలు తిరిగి తెప్పిచ్చుకొని కుట్టంత విప్పిండు, ఒక్క కుట్టు అనుమానం వచ్చిందని. నీకు పద్నాలుగో పదిహేనో అనుమానం వచ్చినప్పుడు ఎందుకు విప్పలే? ఇల్లు, పెండ్లాం అందరికి ఉంటయి. ఆమెకు లేవా?

నీ చేతి కాలే నేను గూడ తొడుక్కొని తిరుగుతున్న. నడువనొచ్చేది ఇంకోటి లేక.

లింగస్వామి

•

అచ్చంపేట
13 నవంబర్ 2022

అల్లుడు డానియల్‌కు,

రెండు నెలలాయె, నీ నుంచి అక్షరం లేదు. ఉండదని నాకు ఎరికే. ఈ ఉత్తరం మాత్రం చింపకుండ చదువు. దీన్ని ఆరు దినాల సంది రాస్తున్న.

వానలు అయిపోయినంక కాలు విప్పి కడుగుతాంటే కింద వెంట్రుక మందం గీత కనవడ్డది. బురద అనుకొని గోరుతోని గీకిన. పోలే. రంపె మొన పెట్టి చూసిన. లోపటికి దిగింది. తడిసిన పుస్తకం విడిసినట్టు పొరలు విడిసినయి. అట్ట ఊడపీకి చూసిన. గీత ఒక మేకు కాడికెల్లి ఇంకో మేకు కాడికి పోయింది.

మేకు అంటున్న, చదువుతున్నవా. పట్టీలు కావు. నేను మేకులు కొట్టిన.

ముందు ఆరెతోని పొడిచిన, దిగలే, మొన విరిగింది. వెల్డింగ్ దుకాణం పోయి డ్రిల్లుతోని బొక్కలు కొట్టిచ్చిన, ఒక్కొక్క కాలుకు తొమ్మిది. డ్రిల్లు పట్టినోడు, "తాతా, ఇది లోహం లెక్క లేదు, నల్ల పొడి రాలుతాంది, మీవోణ్ణి ఒకపారి అడుగరాదు" అన్నడు. నీ పని నువ్వు చెయ్యి అన్న. ఇత్తడి మేకులు కొట్టి, అవుతలి దిక్కు మడిచి పడగొట్టిన. పోగులు గదా, జరిగి జాగిచ్చి మేకును పట్టుకుంటయి అనుకున్న.

ఇంకోటి ఉంది. బిక్షమ్మ కాలు గుంతల పెట్టెటప్పుడు నేను దగ్గరికెల్లి చూసిన అని రాసిన గదా. విరిగింది మేకుల వరుస మీదనే. అప్పుడే చూసిన. చూసి గూడ నా మేకులు ఊడలేదు, నా పని నిలిచింది, వాని పని పోయింది అనుకున్న. నా కండ్లకు అంతే కనవడ్డది.

టక్ అంటాందని ఆమె నా ముందట కూసోని చెప్పింది. నడువు అన్నది నేను.

పోయిన సోమవారం ప్రేమ్‌సాగర్ దగ్గరికి పోయి కాలు విప్పు అన్న. ఎందుకన్నడు. చెప్పిన. వినవడనోణ్ణని నేను జేబుల పెట్టుకునే నోట్‌బుక్కు తీస్కొని వాడు రాసి చూపిచ్చిండు: "విప్పి ఇస్తె ఆటో నువ్వు తోలుతవా? కొత్తది ఎవలు ఇస్తరు? కంపెనోడు ఆపేసిండు." విప్పలే. ఇయ్యాల గూడ దాని మీదనే తిరుగుతుండు.

నా కాలు ఈ ఉత్తరంతోని పార్సల్ చేసి పంపుతున్న. మేకులు అట్లనే ఉంచిన. మీ సార్ల ముందట పెట్టు. సెప్టెంబర్ల నేను రాసింది తప్పు. ఆ ఉత్తరం మా చెల్లెకు చదివి వినిపిస్తివో లేదో. వినిపిస్తే ఇది గూడ వినిపియ్యి.

లింగస్వామి

•

షాద్‌నగర్
24 నవంబర్ 2022

మామా,

కాలు అందింది. విప్పి చూసిన.

తోలులో పోగులు ఒకదాన్నొకటి అల్లుకొని వదులుగ ఉంటయి. అందుకే జరుగుతయి. ఇందులో జిగురుతోని గట్టిపడి ఉంటయి. జరగలేవు. బొక్క వేస్తే తెగుతయి. తెగిన కాడ మొదలై అడుగు అడుగుకు పొరలు లేస్తయి. ప్రేమ్‌సాగర్‌కు ఈ ముక్క చదివించు.

నువ్వు ఏప్రిల్‌లో రాసిన ఉత్తరం తీసి మళ్ళ చదివిన. ఆరె సంగతి, మేకు సంగతి అన్నీ అందులోనే రాసినవ్. నవ్వుకొని వదిలేసిన. కాలుతోని ఇచ్చిన కాగితంల బొక్కలు వేయొద్దని మూడో లైనులనే ఉంది, ఇంగ్లీషుల. అది నీకు తెలుగుల చెప్పాల్సింది నేను. సొల్యూషన్ వద్దన్న, మంట వద్దన్న. మేకు సంగతి నాకు తట్టనే లేదు. మా ఫ్యాక్టరీల దాని మీద మేకు కొట్టాలని ఎవ్వరికీ తట్టదు. అడుగు ఫోటో తీయకు అని రాసింది గూడ నేనే.

అందుకని దీన్ని సార్లకు చూపియ్యను. నా పేరు ఎట్లాగూ పోయింది. ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు చేసే కాడ బస్తాలు మోస్తున్న, పూట గడుస్తుంది. ఇది చూపిస్తే కేసు నీ మీదికి తిరుగుతది. డెబ్బై ఒక్క ఏండ్లకు నువ్వు జైల్ల ఉంటవా? దివాకర్ ఊకుంటడా? అయినా ఏడో నంబర్ మేకులతోని విడిసిందంటే, ఎనిమిదిల ఒక పొర తక్కువ లేదని కాదు గదా. అది మట్టిల ఉంది. మనకు ఎన్నటికీ తెలువది. సెప్టెంబర్ ఉత్తరం అమ్మకు చదవలే. ఇది గూడ చదవను.

సల్లగ ఉండు మామా. ఎవరికీ చెప్పకు.

డానియల్

•

అచ్చంపేట
26 డిసెంబర్ 2022

డానియల్‌కు లింగస్వామి రాసేది.

నా తప్పు దాచేటందుకు నువ్వెవలు? నేను దాచమన్ననా?

నీ ఉత్తరం అందిన మరునాడే కట్టె పట్టుకొని మన్ననూరు బస్సెక్కిన. దివాకర్ ఊర్లనే ఉన్నడు, ఇంటి ముందట కూసోని మొత్తం చెప్పిన. వాడు అరవలే, కొట్టలే. నా నోట్‌బుక్కు గుంజుకొని రాసిండు: "చప్పుడు సంగతి మా అమ్మ నీకు చెప్పిందా?" చెప్పింది అన్న. "నువ్వేమన్నవ్?" నడువు అన్న అని చెప్పిన. వాడు లోపటికి పోయి తలుపు పెట్టుకున్నడు. నేను ఆడనే కూసున్న. పొద్దుమీకి వాని మేనత్త వచ్చి చెయ్యితోని సైగ చేసింది, లేచి పో అని.

వారం దినాలకు వాడే నా డబ్బా కాడికొచ్చిండు. గుంత తవ్విద్దాం అని రాసిండు. మా అమ్మను ఎవలు చంపిన్రో నాకు ఖచ్చితంగ తెలవాలె అన్నడు. అట్లెందుకు బిడ్డా, నేనే అంటున్న గదా అన్న. "ముందు వాడు అన్నడు, ఇప్పుడు నువ్వు అంటున్నవ్" అని రాసిండు.

తాసిల్దారు, ఎస్సై, దవాఖాన డాక్టరు వచ్చిన్రు. మీ కంపెనీ నుంచి ఒక సారు గూడ వచ్చిండు, ముక్కుకు గుడ్డ కట్టుకొని దూరం నిలవడ్డడు. డిసెంబర్ 14 నాడు, బుధవారం తవ్విన్రు. బిక్షమ్మ సంగతి నేను రాయ. కాలు తునకలు మాత్రం పెట్టినయి పెట్టినట్టే ఉన్నయి. నువ్వు పరిచిన నల్ల పోగుల గుడ్డ మట్టిల గూడ పాడు కాలే. విరిగిన అంచు నీళ్ళతోని కడిగిన్రు. పొరలు ఒక్కొక్కటి కనవడుతున్నయి.

కంపెనీ సారు దుర్బీను లెక్కటి అద్దం పెట్టి లెక్కవెట్టిండు. నేను నమ్మ అన్న. నా చేతికియ్యి అన్న. ఆరె మొన ఒక్కొక్క పొర మీద పెట్టుకుంట లెక్కవెట్టిన. రెండుసార్లు పెట్టిన. దివాకర్ పక్కకు కూసోని వాడు గూడ పెట్టిండు.

ఇరవై రెండు.

నువ్వు లెక్క తప్పలే. ఎస్సై రాసుకున్నడు, సారు సంతకం పెట్టిండు, తాసిల్దారు పెట్టిండు. నేను గూడ పెట్టిన. ఎస్సై ఏలిముద్ర ఏయమన్నడు, వద్దు, నాకు రాసుడొచ్చు అన్న. మీ సారు నిన్ను మళ్ళ తీసుకునే సంగతి "చూస్తం" అన్నడు. రెండువందల కాళ్ళ సంగతి అడిగితే దానికి గూడ అదే అన్నడు. నువ్వు పోయి అడుగు. ఏడో నంబర్ చేతిల పట్టుకొని పో. దాస్తే నా చెల్లె కొడుకువే కాదు.

నా మీద కేసు రాసిన్రు. జైలా, ఇంకోటా తెల్వది. పిలిచిన దినం పోత. డబ్బా కాడికి చెప్పులు కుట్టిచ్చుకునేటందుకు ఎవ్వరు వస్తలేరు. నేనైనా రాను.

గుంత తవ్వినంక ప్రేమ్‌సాగర్ కాలు విప్పి ఇచ్చిండు. ఆటో అమ్మకానికి పెట్టిండు. కొత్త కాలు వచ్చేదుంటే ముందు వానికి. నాకు వద్దు.

ఇగ ఒక్కటి మిగిలింది. బిక్షమ్మను మళ్ళ పూడ్చెటప్పుడు దివాకర్ ఆ తునకల కోసం చెయ్యి సాపిండు. ఎస్సై ఇయ్యలే. కేసు అయ్యేదాక స్టేషన్లనే ఉండాలంట. పోరడు బతిమిలాడిండు, కాళ్ళు పట్టుకున్నడు. సంచిల ఏసి సీలు కొట్టి తీస్కపోయిన్రు. ఆమెను కాలు లేకుండనే పూడ్చిన్రు. మట్టి ఏసుడు అయినంక దివాకర్ నా నోట్‌బుక్కుల రాసిన మాట ఇది, అట్లనే దించుతున్న: "మా అమ్మ కాలు ఎప్పుడు తెచ్చిస్తవ్?"

నా బతుకుల ఎవ్వని గడప తొక్కి ఇయ్యమని అడగలే. మొన్న సోమవారం స్టేషన్‌కు పోయి అడిగిన. ఇయ్యాల గూడ సోమవారమే, పోయొచ్చి ఇది రాస్తున్న. జవాన్ కుర్సీ ఏస్తడు, చాయ్ తెప్పిస్తడు, ఇయ్యరాదని చెయ్యి ఊపుతడు.

మళ్ళ సోమవారం పోత.

లింగస్వామి